కాఫీ తోటలో పెళ్లి విందుకు ఏం కట్టుకోను?

ప్రశ్న: మే నెలలో పాడేరు దగ్గర కాఫీ తోటలో స్నేహితురాలి పెళ్లి విందు. మధ్యాహ్నం మొదలై చీకటిపడే దాకా ఉంటుందట. పట్టుచీర బాగుంటుందా మేడమ్?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: పట్టు వద్దమ్మా. మన్యం చల్లగా ఉంటుందనుకుంటాం గానీ, మే ఎండ అక్కడా చురుక్కుమంటుంది. సన్నటి జరీ అంచు మంగళగిరి నూలుచీర కట్టండి, పెళ్లికి నిండుగానే ఉంటుంది. మీవారికి పొందూరు ఖద్దరు చొక్కా. వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వి, చేత్తో వడికిన నూలది. ఒంటికి గాలి ఆడుతుంది. నలుగుతుందంటారా, నలగనివ్వండి!

అసలు చిక్కు సాయంత్రం. వేసవిలో మధ్యాహ్నం దాటాక కొండల్లో ఉరుముల వాన పడటం మామూలే. లేత రంగులు తడిస్తే ఇబ్బంది, ముదురాకుపచ్చో నేరేడు రంగో ఎంచుకోండి. కుచ్చెళ్లు చీలమండల పైకి ఉంచండి. వాలు నేలలో తిరిగే అక్కడి గిరిజన స్త్రీల కట్టు పొట్టిగానే ఉంటుంది. అలాగని ఫొటోల కోసం వాళ్ల వేషం కట్టకండి, నాకది నచ్చదు. హీల్స్ మట్టిలో దిగబడతాయి, వెనక పట్టీ ఉన్న చెప్పులు చాలు. పిడుగులు పడేటప్పుడు సిల్వర్ ఓక్ చెట్ల కింద నిలబడొద్దు. రాత్రి ఘాట్ రోడ్డు దిగేటప్పటికి శాలువా ఒకటి సంచిలో ఉండాలి.