ఊరి గాలి - దేశ శాసనం

నూజివీడు పేరు వినగానే తెలుగువారికి స్ఫురించేది మామిడి. చిన్నరసాలు, పెద్దరసాలు, బంగినపల్లి, కలెక్టరు మొదలైన రకాలతో వేసవి కాలమంతా ఆ ప్రాంతం కళకళలాడుతుంది. చిక్కాలతో కోసిన కాయలను నీడన రాశులు పోసి, ఏరి, వరిగడ్డి పరచి లారీలకు ఎత్తుతారు. ఏడాది పొడుగునా పడిన శ్రమకు ఫలం ఆ కొద్ది వారాలలోనే చేతికి అందాలి. రాత్రివేళ పాకలో మేల్కొని ఉండే కాపలాదారుకు చుట్టే తోడు. ఎండుటాకులు పరుచుకొన్న నేలపై ఆ చుట్ట నిప్పు ఎంతటి చేటు తేగలదో ప్రతి తోట రైతుకూ తెలుసు. అయితే పొగ తాగేవాడి పక్కన కూర్చొని కాయలు ఏరే కూలీ స్త్రీకి, ఆమె ఒడిలోని పసిబిడ్డకు ఆ పొగ వల్ల కలిగే హాని లోకానికి చాలా ఆలస్యంగా తెలిసింది.

1981లో జపాను శాస్త్రవేత్త తకేషి హిరయామా తన పరిశోధనా ఫలితాలను ప్రకటించాడు. తాము పొగ తాగకపోయినా, విపరీతంగా పొగ తాగే భర్తల భార్యలు ఊపిరితిత్తుల క్యాన్సరుకు ఎక్కువగా గురవుతున్నారని ఆయన నిరూపించాడు. పొగాకు పొగలో ఏడు వేలకు పైగా రసాయనాలు ఉన్నాయనీ, వాటిలో దాదాపు డెబ్బై క్యాన్సరు కారకాలనీ తరువాతి పరిశోధనలు తేల్చాయి. ఒకరి అలవాటు మరొకరి ఆయుష్షును హరిస్తున్నప్పుడు అది సొంత వ్యవహారమని ఊరుకోవడం న్యాయశాస్త్రానికి సాధ్యం కాలేదు.

భారతదేశంలో ఈ విషయమై తొలి అడుగులు రాష్ట్రాలలోనే పడ్డాయి. ఢిల్లీ 1996లో ధూమపాన నిషేధ చట్టం చేసింది. 1999 జులై 12న కేరళ హైకోర్టు, బహిరంగ ప్రదేశాలలో పొగ తాగడం ప్రజాబాధకమైన నేరమని తీర్పు చెప్పింది. మురళీ దేవరా వేసిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఆసుపత్రులు, విద్యాలయాలు, గ్రంథాలయాలు, న్యాయస్థానాలు, రైళ్లు మొదలైన చోట్ల ధూమపానాన్ని దేశమంతటా నిషేధించింది. 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తన సొంత ధూమపాన నిషేధ చట్టాన్ని చేసుకొన్నది. ఆ మరుసటి ఏడాదే పార్లమెంటు సిగరెట్లు, ఇతర పొగాకు ఉత్పత్తుల చట్టాన్ని ఆమోదించింది.

చట్టం పేరులో కనిపించే సంవత్సరాన్ని చూసి అది ఆనాటి నుంచే అమలులో ఉన్నదనుకోవడం పొరపాటు. బహిరంగ ప్రదేశాలలో ధూమపానాన్ని నిషేధించే నాలుగవ సెక్షను 2004 మే 1న అమలులోకి వచ్చింది. దానికి పదును పెట్టిన నియమావళి 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడు అమలులోకి వచ్చింది. శాసనాన్ని చదవదలచినవారు చట్టాన్ని, అది అమలులోకి వచ్చిన తేదీని, నియమాలను, జరిమానా విధించే అధికారుల జాబితాను కలిపి చదవాలి. ఏ ఒక్కటి విడిచినా అర్థం మారిపోతుంది.

నూజివీడునే ఉదాహరణగా తీసుకొందాం. మూల చట్టం 'బహిరంగ ప్రదేశం' అనే మాటను నిర్వచిస్తూ, ఆరుబయలు దానిలోకి రాదని చెప్పింది. ఆ లెక్కన బస్టాండు చట్టం బయట ఉండిపోయేది. 2008 నియమాలు బస్టాండును, రైల్వే స్టేషనును, స్టేడియమును 'ఆరుబయలు' అనే మాట నుంచి తప్పించి చట్టం లోపలికి తెచ్చాయి. పని ప్రదేశాలను కూడా చేర్చాయి. కనుక కాయలు ఏరే షెడ్డులోని కూలీకి ఇప్పుడు చట్టం అండ ఉన్నది. చెట్టు నీడన అదే పని చేసే కూలీకి లేదు. ఒకే పని, ఒకే పొగ; పైకప్పు ఉండటమే తేడా! ముప్పై గదులకు తగ్గని హోటళ్లు, ముప్పై మందికి తగ్గకుండా కూర్చోగల భోజనశాలలు, విమానాశ్రయాలు పొగ తాగేవారికి వేరే చోటు ఏర్పాటు చేయవచ్చునన్న మినహాయింపు కూడా ఈ నియమాలలో ఉన్నది. గాలికి గోడలు ఉండవన్న సంగతిని నియమకర్తలు అక్కడ మరచినట్లున్నారు.

ఇక అధికారం ఎవరిదన్న ప్రశ్న ఉన్నది. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు ప్రకారం ప్రజారోగ్యం రాష్ట్రాల జాబితాలోనిది. 1992 నాటి 73వ సవరణ ఆరోగ్యాన్ని, పారిశుద్ధ్యాన్ని పంచాయతీలకు అప్పగించదగిన విషయాలలో చేర్చింది. అయితే 2003 చట్టంలోని రెండవ సెక్షను పొగాకు పరిశ్రమను కేంద్రం తన అదుపులోకి తీసుకోవడం ప్రజాహితమని ప్రకటించింది. ఇందువలన దేశమంతటికీ ఒకే కనీస రక్షణ లభించింది. అది చిన్న మేలు కాదు. కాని రెండు వందల రూపాయల జరిమానా పరిమితి కూడా ఢిల్లీలోనే స్థిరపడిపోయింది. ఏళ్లు గడిచి రూపాయి విలువ తరిగినా, నూజివీడు పురపాలక సంఘం దానిని మార్చలేదు. కర్ణాటక ఆ మొత్తాన్ని వెయ్యి రూపాయలకు పెంచదలచి 2024లో సవరణ బిల్లును ఆమోదించగా, రాష్ట్రపతి సమ్మతి 2025లో లభించింది.

ఈ పెనుగులాట ఇతర దేశాలలోనూ ఉన్నది. అమెరికాలోని కాలిఫోర్నియాలో శాన్ లూయీ ఒబిస్పో అనే చిన్న నగరం 1990లోనే బార్లతో సహా బహిరంగ భవనాలన్నింటిలో ధూమపానాన్ని నిషేధించింది. ఇటువంటి ఊళ్లు పెరగడం చూసిన సిగరెట్టు కంపెనీలు కొత్త ఎత్తు వేశాయి. రాష్ట్రమంతటికీ ఒకే మెత్తని చట్టం ఉండాలనీ, స్థానిక శాసనాలు దానితో రద్దు కావాలనీ 1994లో 188వ ప్రతిపాదనను ప్రజల ఓటుకు తెచ్చాయి. ఓటర్లు దానిని తిరస్కరించారు. పై చట్టం కనీస హద్దు గీసి, అంతకు మించి చేయడానికి ఊరికి స్వేచ్ఛనిస్తే అది రక్షణ. ఊరి చేతులు కట్టివేస్తే అది ఎవరి మేలుకో విచారించవలసిందే.

ఏలూరు జిల్లాలో ఈ విచారణకు మరొక చిక్కు ఉన్నది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లా ఏర్పడినప్పటి నుంచి నూజివీడు మామిడి తోటలు, జంగారెడ్డిగూడెం వర్జీనియా పొగాకు వేలం కేంద్రాలు ఒకే కలెక్టరు కిందికి వచ్చాయి. పొగాకు పండించేవాడూ రైతే. 2003 చట్టం పంటను నిషేధించలేదు. పొగ తాగే చోటును, అమ్మే తీరును మాత్రమే నియంత్రించింది.

ఊరి చేతిలో ఏమీ మిగలలేదనుకోరాదు. జరిమానా విధించే అధికారుల జాబితాలో ప్రిన్సిపాలు, ఉపాధ్యాయుడు, గ్రంథపాలకుడు కూడా ఉన్నారు. విద్యాసంస్థకు వంద గజాల లోపల పొగాకు అమ్మరాదు; ఆ దూరాన్ని ప్రహరీ గోడ వెలుపలి అంచు నుంచి కొలవాలి. పొగాకు అమ్మే దుకాణాలకు స్థానిక సంస్థల ద్వారా లైసెన్సులు ఇప్పించవలసిందిగా 2017లో కేంద్ర ఆరోగ్య మంత్రిత్వ శాఖ రాష్ట్రాలకు సూచించింది. నాగాలాండులోని గరిఫెమా గ్రామం 2014లో తనను తాను పొగాకు రహిత గ్రామంగా ప్రకటించుకొన్నది.

మామిడి తోట ఆరుబయలు కనుక అక్కడికి ఈ చట్టం రాదు. పూత చూసి కాపు బేరం మాట్లాడుకొనేటప్పుడు నీటి సంగతి, కాపలా సంగతి, కోత కూలి సంగతి ఎలాగూ తేల్చుకొంటారు. కాయలు ఏరేవారి దగ్గర చుట్ట వెలిగించరాదన్న షరతును కూడా ఆ మాటలలో చేర్చుకోవడానికి పార్లమెంటు అనుమతి అక్కరలేదు.