ఆరడుగుల బాటపై తొలి దూరపు పరుగు

కొన్ని యేండ్ల క్రిందట, దసరా సెలవులు ముగిసిన వారమున, మా పాఠశాల పూర్వ విద్యార్థి యొకని తండ్రిగారు నన్ను వెదకికొని బడికి వచ్చిరి. ఆయన హోసూరు ప్రాంతపు రైతు. కుమారుడు సిడ్నీ నగరమున ఉద్యోగము చేయుచుండెను. ఆయన కూర్చుండక మునుపే విషయము చెప్పిరి.

"అయ్యవారూ, మావాడు అడవిలో నలభై అయిదు కిలోమీటర్లు పరుగెత్తుతాడంట. అదీ కొండల్లో. అందుకు చేతి దుడ్డు కట్టినాడంట. గెలిస్తే ఏమిస్తార్రా అంటే, గెలిచేదానికి కాదు నాయనా, ముగించేదానికి అంటాడు. మీ మాటైతే వింటాడు. మీరు కొంచెం బుద్ధి చెప్పండి."

ఆయన భయము నవ్వి త్రోసివేయదగినది కాదు. నేను పది దినములు గడువు కోరి, ఆ పందెమును గూర్చి దొరకినంత చదివి, ఆ పిల్లవానితోను మాటలాడి, తెలిసికొన్న సంగతులు ఆయనకు చెప్పితిని. ఇట్టి పరుగులు నేడు మన మలెనాడు కొండలలోను, నీలగిరులలోను కూడ జరుగుచున్నవి. నేడొక యింటికి వచ్చిన ప్రశ్న రేపు వేరొక యింటికి రావచ్చును గనుక వానినే ఇచ్చట వ్రాయుచున్నాను.

మారథాన్ అనబడు పరుగు 42.195 కిలోమీటర్లు. అంతకు మించిన దూరమేదైనను అల్ట్రా మారథాన్ అనిపించుకొనును. రాజమార్గమున గాక కాలిబాటల మీద, కొండలలో, అడవులలో జరుగు పరుగును ట్రెయిల్ పరుగు అందురు. ఆ పిల్లవాడు ఎన్నుకొన్నది ఆస్ట్రేలియాలో సిడ్నీకి పడమట నున్న బ్లూ మౌంటెన్స్, అనగా నీలపర్వతములలో జరుగు 45 కిలోమీటర్ల పందెము. 1884లో కటూంబా అను కొండయూరి నుండి జెనోలన్ గుహల వరకు గుఱ్ఱపు రౌతుల కొఱకు ఒక బాట వేసిరి. ఎదురెదురుగా వచ్చు రెండు గుఱ్ఱములు ఒరసికొనక పోవుటకు ఆరడుగుల వెడల్పు కావలెనని నిర్ణయించిరట. నాటి నుండి దానికి "సిక్స్ ఫుట్ ట్రాక్", ఆరడుగుల బాట, అను పేరే నిలిచినది. ఆ బాటకు నూరేండ్లు నిండిన 1984లో దానిమీద పరుగుపందెము మొదలయ్యెను. అగ్ని వలనను, వానల వలనను మార్గము మార్పు చెందు సందర్భములుండును గనుక, నేనిచ్చట చెప్పునది చిరకాలముగా వాడుకలో నుండిన మార్గమని గ్రహింపవలెను.

ఆ యడవి మన యడవి వంటిది కాదు. అచ్చటివారు దానిని "బుష్" అందురు. అందెక్కువగా నుండునది మనము నీలగిరి చెట్టని పిలుచు యూకలిప్టస్ జాతి. మన ప్రాంతమున తోపులు తోపులుగా పెంచు ఈ చెట్టు పుట్టినిల్లు ఆస్ట్రేలియాయే. పందొమ్మిదవ శతాబ్దమున దానిని తెచ్చి నీలగిరి కొండలలో నాటిరి గనుక మనవారు దానికా కొండల పేరు పెట్టుకొనిరి. దూరము నుండి చూచువారికి ఆ దేశపు పర్వతములు నీలముగా కానవచ్చుటకు ఈ చెట్ల ఆకుల నుండి గాలిలో కలియు తైలమే కారణమని సాధారణముగా చెప్పుదురు. ఆ తైలమే, నేలపై రాలిన ఆ చెట్ల బెరడుతో కూడి, వేసవిలో కార్చిచ్చునకు ఇంధనమగును. ఈ సంగతికి మరల వత్తును.

పందెము కటూంబా వద్ద కొండ మీద మొదలగును. మొదటనే నెల్లీస్ గ్లెన్ అను ఇరుకు లోయలోనికి తేమపట్టిన మెట్లు దిగవలెను. అటుపిమ్మట మెగాలాంగ్ లోయలోని పచ్చిక నేలల మీదుగా, సుమారు 15 కిలోమీటర్లు దాటిన తరువాత, కాక్స్ నది వచ్చును. అంతవరకు నడక చాలవరకు పల్లమునకే. కాళ్లు తేలికగా నుండును; ఊపిరి సుఖముగా నాడును; ప్రక్కవాడు దాటిపోయిన కొలది పౌరుషము పెరుగును. అనుభవజ్ఞులు చెప్పునదేమనగా, తొలిసారి వచ్చినవాడు పందెమును పోగొట్టుకొనునది ఇచ్చటనే గాని, తరువాత కూలబడిన చోట కాదు. నదిలో నీరు మోకాళ్ల లోతో నడుము లోతో ఉండును. బూట్లతోనే దిగి దాటుదురు. అవతలి యొడ్డు నుండి ఎక్కుడు మొదలగును. మినీ మినీ అను కొండవరుస నెక్కి, ఒక వాగునకు దిగి, మరల నెక్కి, 26 కిలోమీటర్ల ప్రాంతమున ప్లూవియోమీటర్ అను చోటికి చేరవలెను. ఆ మాటకు వర్షమాపకమని యర్థము. పిమ్మట బ్లాక్ రేంజ్ అను కొండవీపు మీద చాల దూరము పోయి, కడపట గుహల యొద్దకు మోకాళ్లు వణకునంత నిటారుగా దిగవలెను. మొత్తము మీద ఎక్కు యెత్తు సుమారు 1500 మీటర్లు. దిగునది అంతకంటె నెక్కువ. ఇదంతయు ఏడు గంటలలో ముగింపవలెను. మునుపొక దీర్ఘమైన పరుగును నిర్ణీత కాలములో ముగించినట్లు చూపనిదే ఈ పందెమునకు చేర్చుకొనరు. ఈ నియమమును విని తండ్రిగారి ముఖము కొంత తేటపడినది.

"ఆ కొండంతా పరుగెత్తే ఎక్కుతారా?" అని ఆయన యడిగిరి. లేదు. ఇదియే ఈ విద్యలో మొదటి పాఠము. మనలో తిరుమలకు అలిపిరి మెట్లదారిని పోనివారు తక్కువ. 3550 మెట్లు గల ఆ దారిలో కుఱ్ఱవాండ్రు గంతులు వేయుచు పోయి గాలిగోపురము చేరులోపలనే చతికిలబడుటయు, ఒక్క తీరున అడుగు వేయు ముసలమ్మలు వారిని దాటి మోకాళ్ల పర్వతమెక్కి పోవుటయు అందరును చూచినదే. నిటారైన యెక్కుడులో పరుగెత్తువాని వేగము నడచువానికంటె అంతగా మించదు. పడు శ్రమ మాత్రము చాల మించును. కావున అక్కడ నడచుట పరాజయము కాదు, లెక్క. నదియొడ్డున "ఇక నడచెదను" అని తనంతట తాను నిశ్చయించుకొన్నవాడు చివరి పది కిలోమీటర్లు పరుగెత్తగలడు. కాళ్లు మొరాయించిన మీదట నడచువాడు అట్లు చేయలేడు.

ఈ సందర్భముననే నేను తండ్రిగారికి క్లిఫ్ యంగ్ అను వాని సంగతి చెప్పితిని. ఆయన ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున ఉర్లగడ్డలు పండించు రైతు. 1983లో తన 61వ యేట సిడ్నీ నుండి మెల్బోర్న్‌కు జరిగిన 875 కిలోమీటర్ల పందెమును అయిదు దినముల పదునైదు గంటలలో ముగించి, వయసులో నున్న ఆటగాండ్రనందరను మించెను. అది రాజమార్గపు పరుగే గాని కొండ పరుగు కాదు. అయినను పాదమును నేలకు కొంచెమే యెత్తి, జరుపుచు పోవు ఆయన పరుగును నేటికిని జ్ఞాపకము చేసికొందురు. "ఉర్లగడ్డ రైతా?" అని ఆయన రెండుసార్లు అడిగిరి.

రెండవ పాఠము ఆహారము. మన దేహము కండరములలోను కాలేయములోను పిండిపదార్థపు నిల్వ కొంత దాచుకొనును. దానివలన లభించు శక్తి సుమారు 2000 కిలోకేలరీలు. పరుగెత్తు మనుష్యునికి కిలోమీటరొకటికి, తన బరువులో కిలో యొకటికి, సుమారు ఒక కిలోకేలరీ ఖర్చగును. అరువది కిలోల వాడు 45 కిలోమీటర్లు పోవుటకు 2700. కొండ యెక్కుడు దానికి అదనము. దేహములోని కొవ్వు కొంత సాయపడును గాని అది మెల్లగా కరగునది. కావున ఆకలి కాకమునుపే, మొదటి గంటనుండియే, గంటకు 30 మొదలు 60 గ్రాముల వరకు పిండిపదార్థము తినుచుండవలెను. పరుగెత్తు సమయమున రక్తము కాళ్లకు మరలుటచే జీర్ణాశయము మందగించును. కడుపునకు కూడ కాళ్లవలెనే నెలల తరబడి అభ్యాసము కావలెను. ఆ పిల్లవాని తల్లి ప్రేమతో వేరుశెనగ ఉండలు చేసి పంపెను. అవి మంచి తిండియే. అయితే కొవ్వు హెచ్చుగా నున్నది మెల్లగా అరుగును గనుక పరుగులో వానికి కడుపు బరువెక్కినదట. అరటిపండు, ఉప్పు చల్లిన ఉడికించిన ఉర్లగడ్డ వానికి సరిపడినవి. ఉండలను పరుగు లేని దినములలో తినెనని ఆమెకు నేనే చెప్పవలసి వచ్చినది.

నీటి విషయమున మన పెద్దల సలహా ఒక్కటే: బాగుగా త్రాగుమని. ఇందు ఒక ప్రమాదము గలదు. అవసరమునకు మించి నీరు త్రాగినచో రక్తములోని సోడియము పలుచబడి, తలనొప్పి, వాంతి, మతిమఱపు కలిగి, మెదడు వాచి ప్రాణము పోవుటయు సంభవించును. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మందిని పరీక్షింపగా వారిలో నూటికి 13 మందికి సోడియము తగ్గియున్నట్లు తేలెను. పరుగు ముగియునప్పటికి బరువు పెరిగియుండుట దీనికొక గుర్తు. దప్పిక యైనప్పుడు త్రాగుటయే నేటి వైద్యులు చెప్పు మార్గము. నొప్పిమాత్రలు మ్రింగి పరుగెత్తుట మాత్రము వలదు. నీరు తగ్గిన దేహమున అవి మూత్రపిండములను బాధించును.

మూడవది దిగుడు. ఎక్కుటకంటె దిగుట సులభమని లోకము తలచును. ఊపిరికి సులభమే, తొడలకు కాదు. దిగునప్పుడు తొడ ముందరి కండరము బరువును మోయుచునే సాగవలసి వచ్చును. అట్టి సాగుడులో కండరపు సన్నని పోగులు చిట్లును. మరునాడు మెట్లు దిగలేకపోవుట దీనివలననే. కాని కొద్ది కొద్దిగా దిగుడు అభ్యసించిన కండరము తరువాతి దెబ్బకు ఓర్చుకొనును. నగరవాసికి కొండలు దొరకనిచో మెట్లే గతి. ఆ పిల్లవాడు తాను పని చేయు భవనపు మెట్లను సాయంకాలములందు ఎక్కి దిగుచుండెను. వారాంతమున మాత్రము రైలులో కొండలకు పోయి, మూడు నాలుగు గంటలు నడచియు పరుగెత్తియు వచ్చుచుండెను.

ఇక భయము మాట. ఈ భాగమును నేను తండ్రిగారికి మఱుగు పరచలేదు. 2011 సెప్టెంబరు 2వ తేదీన పశ్చిమ ఆస్ట్రేలియాలోని కింబర్లీ ప్రాంతమున జరిగిన నూరు కిలోమీటర్ల పందెములో కార్చిచ్చు పరుగువారిని చుట్టుముట్టెను. ఇద్దరు స్త్రీలు ఘోరముగా కాలి, మరణపు టంచువరకు పోయి బ్రతికిరి. విచారణ జరిపిన శాసనసభా సంఘము నిర్వాహకుల ముందుజాగ్రత్తలోని లోపములను ఎత్తి చూపెను. చలియు అంతే. 2021 మే 22వ తేదీన చైనాలోని గాన్సు రాష్ట్రమున నూరు కిలోమీటర్ల కొండ పరుగులో ఉన్నట్లుండి చలిగాలి, వడగండ్లు, వాన ముంచుకొని వచ్చెను. పలుచని దుస్తులతో నున్న 21 మంది ప్రాణములు విడిచిరి. వారిలో ఆ విద్యలో ఆరితేరినవారును ఉండిరి.

కావున బిడ్డను పంపు తలిదండ్రులు "నీవు పరుగెత్తగలవా?" అని యడుగుటకంటె, పందెమును నడుపువారెట్టివారని యడుగుట మేలు. నిప్పు గాని తుపాను గాని సూచన యున్నచో పందెము నాపుదురా? సెల్ ఫోను అందని లోయలలో వార్త నందించు రేడియోలు గలవా? వెచ్చని పైచొక్కా, ఈల, కట్టుగుడ్డ వెంట లేనివానిని ముందుకు పోనిత్తురా? కట్టుగుడ్డ ఎందుకనిన, పాము కఱచినచో ఆ దేశమున అవయవమంతయు వెడల్పైన పట్టీతో చుట్టి కదలకుండ పరుండబెట్టుదురు. అచ్చటి పాముల విషమునకు అది తగిన పద్ధతి. మన నాట రక్తపింజరి వంటివి గలవు గనుక బిగించి కట్టుట హాని. అవయవమును కదలనీయక ఆసుపత్రికి చేర్చుటయే కర్తవ్యము. పరుగుతో పని లేనివారును ఈ మాట నెఱిగియుండవలెను.

ఆరడుగుల బాట పందెమున ఈ విషయములు సరిగా చూతురని మాకు తోచినది. దారి పొడవునను సాయము నిలుచువారిలో గ్రామీణ అగ్నిమాపక దళపు స్వచ్ఛంద సేవకులు గలరు. నడుమ నడుమ గడువులు గలవు. గడువు దాటినవానిని అచ్చటనే ఆపి వాహనమున చేర్చుదురు. తండ్రిగారు కొంతసేపు ఊరకుండి, "నడుమ ఆపితే కట్టిన దుడ్డు వాపసు ఇస్తారా?" అని యడిగిరి. ఇయ్యరని చెప్పితిని. "సరే, పోనీండి" అని లేచిరి. అది డబ్బును గూర్చిన మాటయో, కొడుకును పోనిచ్చు మాటయో అప్పుడు నాకు తెలియలేదు.

మార్చి నెలలో పందెము జరిగినది. అచ్చట అది శరదృతువు ఆరంభమైనను ఆ దినమున ఎండ తీవ్రముగా నుండెనట. పిల్లవాడు నదివరకు, ఎవరు దాటిపోయినను లెక్కచేయక, నిదానముగనే పోయెను. ఎక్కుడులో కడుపు త్రిప్పి, తిన్నది నిలువక, ప్లూవియోమీటర్ చేరుసరికి కండ్లు తిరిగెను. గడువు ఇంకను కొన్ని నిమిషములున్నది. సేవకుడొకడు పోయెదవా, ఆగెదవా యని యడిగెను. వాడు రాతిమీద కూర్చుండి, చేతిమీది సంఖ్యాపట్టీ విప్పి యిచ్చెనని నాకు వ్రాసినాడు. ఆ వ్రాతలో దుఃఖముండెను. సిగ్గు మాత్రము లేదు.

మరుసటి వారము తండ్రిగారు సంతలో కనబడిరి. కొడుకు ముగింపలేదన్న సంగతి ఆయనకప్పటికే తెలిసినది. నేను ఓదార్పు మాటలు వెదకుకొనుచుండగా ఆయనే అందుకొనిరి.

"వచ్చే ఏడు మళ్లా పోతాడంట, అయ్యవారూ. ఎండ తగిలే ముందరే తినాల్సింది, వాడు ఆలస్యం చేసినాడు. ఈసారి ఉర్లగడ్డలు తొక్కతో ఉడికించుకోమని చెప్పినాను, చెడకుండా ఉంటాయి."