నదిలో క్యూ

క్యూలో నిలబడటం మీకు తెలుసు. నదిలో కూడా క్యూ ఉంటుందని తెలుసా?

ఉత్తర అమెరికా పడమటి తీరపు నదుల్లో స్టీల్‌హెడ్ అనే చేప ఉంది. ఇది రెయిన్‌బో ట్రౌట్ జాతిదే. నదిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టటానికి మళ్ళీ నదికి వస్తుంది. దారిలో కొన్ని మడుగుల్లో ఆగుతుంది. అందుచేత గాలం వేసేవారంతా ఆ మడుగుల దగ్గరే గుమిగూడతారు.

తగవు రాకుండా వారొక పద్ధతి పాటిస్తారు. కొత్తగా వచ్చినవారు మడుగు ఎగువ కొసన, అందరి వెనుక దిగాలి. ఒకసారి గాలం విసిరాక ఒకటి రెండు అడుగులు దిగువకు జరగాలి. అప్పుడు మడుగంతా అందరికీ అందుతుంది.

మరి చేప సంగతి? దాని గుడ్లు గులకరాళ్ళ కింద ఉంటాయి. వాటిమీద నడిస్తే నలిగిపోతాయి. మొప్పలు నీటిలోని ప్రాణవాయువునే తీసుకోగలవు కనుక, వదిలివేసే చేపను నీటిపైకి ఎత్తరాదు. పసిఫిక్ సాల్మన్ చేపలు సాధారణంగా ఒక్కసారి గుడ్లు పెట్టి చనిపోతాయి. స్టీల్‌హెడ్‌లలో కొన్ని బతికి మళ్ళీ రాగలవు.

వాషింగ్టన్ రాష్ట్రంలోని ప్యూజెట్ సౌండ్ స్టీల్‌హెడ్‌ను 2007లో ముప్పున్న జీవుల జాబితాలో చేర్చారు. చేపలు మరీ తగ్గిన ఏడు కొన్ని నదుల్లో వేటనే ఆపివేస్తారు. అప్పుడు క్యూలో ముందున్నా, వెనుకున్నా ఒక్కటే గదా!