పాత డేటాకు జవాబుదారీ నువ్వే

చిరంజీవి అమ్మలుకు,

బర్క్‌లీ డీబీ అనే డేటాబేస్ లైబ్రరీకి మీ ఆఫీసులో వాడుతున్న పాత పైథాన్ మాడ్యూల్‌ను పైథాన్ 3కి, లైబ్రరీ కొత్త వెర్షన్‌కి తెచ్చే పని నీకు అప్పగించారని అక్క ఫోన్లో చెప్పింది. పేరు రాని పని ఇచ్చారని నువ్వు కాస్త దిగులు పడుతున్నావట. నాకు మాత్రం సంతోషంగా ఉంది. నమ్మకం ఉన్నవాళ్ల చేతికే ఇలాంటి పని ఇస్తారు. కోడ్ చెడితే మళ్లీ రాసుకోవచ్చు. ఆ మాడ్యూల్‌ను నమ్మి ఏళ్ల తరబడి డిస్కులో దాచుకున్న డేటా చెడితే రాసిచ్చేవాళ్లు ఉండరు. నేను చెప్పబోయేదంతా ఈ మాట చుట్టూనే.

ముందు ఆ లైబ్రరీ పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకో. 1979లో కెన్ థాంప్సన్ రాసిన డీబీఎంతో ఈ వంశం మొదలైంది. దాని స్థానంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో మార్గో సెల్ట్‌జర్, కీత్ బాస్టిక్ తదితరులు 1990ల మొదట్లో బర్క్‌లీ డీబీని తెచ్చారు. 1996లో దానికోసం స్లీపీక్యాట్ కంపెనీ పుట్టింది. 2006లో ఒరాకిల్ దాన్ని కొనేసింది. 2013లో 6.0 వెర్షన్‌తో లైసెన్సు ఏజీపీఎల్‌కి మారింది. డెబియన్ లాంటి లినక్స్ పంపిణీలు 5.3 దగ్గరే ఆగిపోయింది అందుకే. కాబట్టి ఏ వెర్షన్‌కి మారాలన్నది నువ్వొక్కదానివే తేల్చేది కాదు. మీ కంపెనీలో లైసెన్సుల సంగతి చూసేవాళ్లను అడిగి, వాళ్ల జవాబు రాతపూర్వకంగా తీసుకున్నాకే కోడ్ తెరువు.

ఆ తర్వాత కూడా ముందు చూడాల్సింది ఫైళ్లనే. పాత వెర్షన్ లైబ్రరీ ఇంకా పనిచేస్తుండగానే ప్రతి డేటాబేస్‌కూ నకలు తీయి. డీబీ వెరిఫై సాధనంతో నకలు బాగుందో లేదో సరిచూడు. డీబీ డంప్‌తో మొత్తం డేటాను టెక్స్ట్ రూపంలో బయటికి తీసి దాచు. వెర్షన్ మారినప్పుడు ఫైలు అమరిక, లాగ్ అమరిక మారిపోవచ్చు. డీబీ అప్‌గ్రేడ్ సాధనం, ఉన్న ఫైలునే మార్చేస్తుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్కు నిండినా, చేతిలో నకలు లేకపోతే వెనక్కి రాలేవు. బిట్‌కాయిన్ కోర్ వాళ్లు వాలెట్ ఫైళ్ల కోసం చాలా ఏళ్లు 4.8 వెర్షన్‌నే పట్టుకుని ఉన్నారు. కొత్త వెర్షన్‌తో రాసిన వాలెట్ పాతదాంట్లో తెరుచుకోకపోవచ్చు. అందులో ఉన్నది జనం డబ్బు మరి.

ఇక సీ భాషలో రాసిన భాగం. చెరువుకూ కాలువకూ మధ్య తూము ఎలాంటిదో, లైబ్రరీకీ పైథాన్‌కీ మధ్య నీ మాడ్యూల్ అలాంటిది. రెండు వైపుల నియమాలూ అదే కాయాలి. బర్క్‌లీ డీబీ 4.1లో డేటాబేస్ తెరిచే ఫంక్షన్‌కి ట్రాన్సాక్షన్ అనే కొత్త ఆర్గ్యుమెంట్ చేరింది. అలాంటి మార్పులు వచ్చిన ప్రతిచోటా హెడర్ ఫైల్లోని వెర్షన్ నంబర్లను బట్టి కోడ్‌ను విడదీయి. కీ దొరకలేదని చెప్పే ఎర్రర్ కోడ్‌ను అంకెగా రాయకు, పేరుతోనే రాయి. ఆ అంకె వెర్షన్‌ని బట్టి మారింది. కీ, వాల్యూలను పంపే డీబీటీ స్ట్రక్చర్‌ను వాడే ముందు ప్రతిసారీ సున్నాలతో నింపు. లైబ్రరీ తిరిగిచ్చిన మెమరీ ఎవరిదో, ఎప్పటిదాకా చెల్లుతుందో డాక్యుమెంటేషన్‌లో చదివి ఖాయం చేసుకో. మామూలుగా అదే హ్యాండిల్‌తో తర్వాతి కాల్ చేసేదాకే చెల్లుతుంది. అందుకే దొరికిన వెంటనే పైథాన్ ఆబ్జెక్ట్‌లోకి కాపీ చేసుకో.

డిస్కు పని జరిగేటప్పుడు పైథాన్ జీఐఎల్ తాళాన్ని వదిలిపెట్టు. లేకపోతే మిగతా థ్రెడ్లన్నీ ఊరికే కాచుకుని కూర్చుంటాయి. అయితే కీలను పోల్చడానికి ఎవరైనా పైథాన్ ఫంక్షన్ ఇచ్చి ఉంటే, లైబ్రరీ దాన్ని పిలిచే క్షణంలో ఆ తాళం మళ్లీ నీ చేతిలో ఉండాలి. మూసేటప్పుడు ముందు కర్సర్లు, తర్వాత డేటాబేసులు, చివర ఎన్విరాన్‌మెంట్. వాడేవాళ్లు ఈ వరస తప్పినా ప్రోగ్రాం కూలిపోకుండా చూడాల్సింది నీ మాడ్యూలే.

మన భాష డేటా ఉన్నచోట ఇంకా జాగ్రత్త అవసరం. బర్క్‌లీ డీబీకి అక్షరాలు తెలియవు, బైట్లే తెలుసు. పైథాన్ 2లో స్ట్రింగ్ అంటే బైట్లే కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. పైథాన్ 3లో టెక్స్ట్ వేరు, బైట్లు వేరు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌పాయింట్‌కి మూడు బైట్లు. ఐత్వం గుర్తును ఒకే కోడ్‌పాయింట్‌గా రాయొచ్చు, రెండు కోడ్‌పాయింట్ల జంటగానూ రాయొచ్చు. తెర మీద రెండూ ఒకటే, డేటాబేస్‌కి మాత్రం రెండూ వేర్వేరు కీలు. ‘కంప్యూటర్‌లో’ అన్న మాటలో పొల్లు తర్వాత కంటికి కనిపించని నాన్-జాయినర్ ఒకరు పెడతారు, ఒకరు పెట్టరు. మాడ్యూల్ తనంతట తాను ఎన్‌కోడింగ్‌ను ఊహించకూడదు. బైట్లు తీసుకుని బైట్లే ఇవ్వాలి. టెక్స్ట్ కావాలన్నవాళ్లకు దాని మీద వేరే పొర రాసిపెట్టు, యూనికోడ్‌ను ఒకే రూపానికి తెచ్చే పని అక్కడ చెయ్యి. కనిపించని నాన్-జాయినర్‌కి మాత్రం అది సరిపోదు, దాన్ని ఉంచాలో తీసెయ్యాలో నియమం పెట్టుకో.

టెస్టుల్లో కొత్తగా చేసిన ఫైళ్లతో తృప్తి పడకు. పాత వెర్షన్‌తో రాసిన అసలు ఫైళ్ల నకళ్లను టెస్టుల్లో పెట్టు. రాస్తుండగా ప్రాసెస్‌ను బలవంతంగా చంపి, రికవరీ తర్వాత ట్రాన్సాక్షన్ మొత్తం ఉందా, అసలు లేదా చూడు. సగం ఉంటే విడుదల ఆపెయ్యి.

మారబోయేది వాడేవాళ్లకు ముందుగా చెప్పు. పైథాన్ కూడా అలాగే చేసింది: 2.6లో హెచ్చరిక ఇచ్చి, 2008 డిసెంబర్‌లో వచ్చిన పైథాన్ 3.0లో బర్క్‌లీ డీబీ మాడ్యూల్‌ను ప్రామాణిక లైబ్రరీ నుంచి తీసేశారు. దాని నిర్వహణ కష్టమైందన్నది న్యాయమైన కారణమే. ఆ పని బయటి ప్యాకేజీగా కొనసాగింది కాబట్టే చాలామంది డేటా చేజారలేదు. 2024లో పైథాన్ 3.13 తన డీబీఎం మాడ్యూల్‌కి ఎస్‌క్యూలైట్‌తో నడిచే రూపాన్ని చేర్చింది. మీ అవసరం చిన్నదైతే అటు మారడం మంచిదేమో మీ పెద్దలతో మాట్లాడు. డేటా క్షేమంగా అక్కడికి చేరిస్తే అదీ నీ పని పూర్తయినట్టే.

ఏ ఫంక్షన్ మారింది, ఏ వెర్షన్ ఫైళ్లు తెరుచుకుంటాయి, వెనక్కి వెళ్లాలంటే ఏం చెయ్యాలి, ఈ మూడూ తేట తెలుగులోనో, తేట ఇంగ్లిష్‌లోనో రాసి విడుదలతో పాటు ఇవ్వు. తొందరపెట్టేవాళ్లు ఉంటారు. వాళ్లతో మర్యాదగానే మాట్లాడు, కానీ నకలు తీయకుండా ఒక్క ఫైలు కూడా అప్‌గ్రేడ్ చెయ్యకు తల్లీ.

ఆశీస్సులతో,
మామయ్య