రోల్ కొనేముందు గోడ చూడండి

ఆషాఢం వస్తే సికింద్రాబాద్‌లో ప్రింటింగ్ షాపులకు నిద్ర ఉండదు. ఉజ్జయిని మహంకాళి బోనాలకు గల్లీకో స్వాగత ఫ్లెక్సీ, ఆ వెనకే వినాయక చవితి. ఈ సందడి చూసి మిషన్ పెడితే చాలనుకునే కుర్రాళ్లు సలహాకు వస్తుంటారు. ఏ మిషన్ కొనాలో అడుగుతారు. ఏ సరుకు పెట్టుకోవాలో అడిగినవాళ్లు తక్కువ. షాపు దెబ్బతినేది ఎక్కువగా అక్కడే.

ఫ్లెక్సీ కట్టేది, వినైల్ అంటించేది. పండగ గిరాకీ ఫ్లెక్సీది, నాలుగు రోజుల ముచ్చట. పైగా 2022 జూలై 1 నుంచి 100 మైక్రాన్ల కంటే పలచని పీవీసీ బ్యానర్ల మీద కేంద్రం నిషేధం ఉంది. నెలనెలా అద్దె కట్టించేది ప్యారడైజ్ నుంచి ప్యాట్నీ దాకా కనిపించే క్లినిక్కుల అద్దాలు, బట్టల షాపుల బోర్డులు, స్కూలు వ్యాన్లు. అంటే వినైల్.

వినైల్ అంటే పీవీసీయే. అది స్వతహాగా గట్టిది కాబట్టి మెత్తబరిచే రసాయనం కలుపుతారు. చౌక రకమైన మోనోమెరిక్‌లో ఆ రసాయనం త్వరగా బయటికి పోతుంది, ఎండలో మూడేళ్లు దాటితే గొప్పే. పాలిమెరిక్‌లో నిలకడగా ఉంటుంది, అయిదేళ్ల పనికి ధైర్యంగా వాడొచ్చు. ఈ రెండింటినీ రోలర్ల మధ్య చపాతీలా ఒత్తి సాగదీస్తారు, అందుకే వేడి తగిలితే వెనక్కి ముడుచుకుంటాయి. కాస్ట్ వినైల్ అలా కాదు. దోసె పోసినట్టు పలచగా పోసి ఆరబెడతారు. సుమారు 50 మైక్రాన్ల మందమే, బండి వంపుల్లో చక్కగా ఒదిగిపోతుంది. ధర చూస్తే మాత్రం గుండె గుభేలుమంటుంది.

ఈ తేడా నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మొదట్లో ఒక స్కూలు వ్యాన్‌కి మోనోమెరిక్ అంటించాను. రెండో మే నెలకి ఫిల్మ్ అంచులు రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరిగాయి. బయటపడ్డ గమ్ మీద దుమ్ము పట్టి ప్రతి అక్షరం చుట్టూ నల్లటి గీత, కాటుక దిద్దినట్టు. రేకు గాడుల్లో ఫిల్మ్ లేచి డప్పులా బిగుసుకుంది. హీట్‌గన్‌తో పీకి గమ్ తుడవడానికి ఇద్దరికి రెండు రోజులు పట్టింది. మళ్లీ అంటించిన ఖర్చు నాదే.

కొత్త షాపుకు నా లెక్క ఇది. వైట్ గ్లాసీ మోనోమెరిక్, సన్‌బోర్డుకీ లోపలి గోడలకీ. పాత బోర్డు మీద కొత్తది వేయడానికి గ్రే గమ్ రకం తప్పనిసరి, మామూలు గమ్ అయితే కింది అక్షరాలు దెయ్యాల్లా పైకి కనిపిస్తాయి. పాలిమెరిక్ ఒక రోల్, దానికి సరిపడే లామినేషన్, అద్దాలకు లోపలి నుంచి బయటికి కనిపించే వన్‌వే విజన్. కాస్ట్ మాత్రం ఆర్డరు, అడ్వాన్సు చేతికొచ్చాకే డీలర్ దగ్గర తెచ్చుకోండి. అక్షరాలు కత్తిరించే రంగు వినైల్‌లో ఎరుపు, నలుపు, తెలుపు, పసుపు చాలు. ఇరవై రంగులు షెల్ఫులో అందంగా ఉంటాయి గానీ, అది నిద్రపోతున్న మీ డబ్బు.

వెడల్పు సంగతి ఎవరూ చెప్పరు. రెండున్నర అడుగుల పనిని 4 అడుగుల రోల్‌లో వేస్తే అడుగున్నర మిగులుతుంది, 3 అడుగుల రోల్‌లో అయితే అర అడుగే. 4 అడుగుల రోల్ 50 మీటర్లంటే దాదాపు 656 చదరపు అడుగులు. అంతా అమ్ముడవుతుందనుకుని రేటు కడితే లాభం కత్తిరింపుల బుట్టలోకి పోతుంది.

ఉద్యోగం వెతికేవాళ్లకూ సరుకు తెలియడమే దారి. కోరల్‌డ్రాలో డిజైన్ చేయడం వచ్చినవాళ్లు బోలెడుమంది. సాల్వెంట్ ప్రింట్‌ని 24 గంటలు ఆరనివ్వకుండా లామినేట్ చేస్తే బుడగలొస్తాయని తెలిసిన ఆపరేటర్లు కొద్దిమందే. డిజైన్ నేర్చుకుంటూనే ఆరు నెలలు ఫిటింగ్ వాళ్ల వెంట తిరగండి. నిచ్చెనెక్కి ఫిల్మ్ ఒత్తే స్క్వీజీ పట్టినవాడికి సున్నం రాలే గోడకూ, అల్యూమినియం ఏసీపీ షీటుకూ తేడా చెప్పనక్కర్లేదు. ఆ తర్వాత సొంత షాపు ఆలోచన. ముద్రా రుణాల్లో శిశు 50,000 రూపాయల వరకు, కిశోర్ 5 లక్షల వరకు. మిషన్‌కే మొత్తం పెట్టేయకుండా సరుకుకు కొంత పక్కన ఉంచుకోండి.

రోల్స్‌ని ఒకదాని మీద ఒకటి పడుకోబెట్టొద్దు, బరువుకు చదునైన చోట గీతలు పడతాయి. నిలబెట్టండి, రేకుల షెడ్డు వేడి తగలనివ్వకండి. కొన్న తేదీ మార్కర్‌తో కోర్ లోపల రాసుకోండి. ఏడాది దాటితే గమ్ పట్టు మీద నమ్మకం తగ్గుతుంది, పాతది ముందు వాడేయాలి.