పంటలో భాగస్వాములు

పాఠ్యభాగ ఉద్దేశం

వ్యవసాయంలో నష్టం వచ్చినప్పుడు దానిని భరించేది సాధారణంగా రైతు ఒక్కడే. ఆ భారాన్ని తినేవారు కూడా కొంత పంచుకోగలరా అన్న ప్రశ్నకు వారపు కూరగాయల పెట్టె ఒక సమాధానం. కావలి ప్రాంతపు వసంతకాలాన్ని ఆధారంగా చేసుకొని ఆ పద్ధతిని పరిచయం చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

వసంతం అనగానే కావ్యాలు చదివినవారికి మావిచిగురు, కోకిల గానం స్ఫురిస్తాయి. కూరగాయల రైతుకు మాత్రం మొదట స్ఫురించేది బావిలోని నీటిమట్టం. నెల్లూరు జిల్లాలో బంగాళాఖాత తీరానికి చేరువలో ఉన్న కావలి పరిసరాలకు ఈ మాట మరింతగా వర్తిస్తుంది. ఈ ప్రాంతానికి నైరుతి ఋతుపవనాల కంటె, అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వీచే ఈశాన్య ఋతుపవనాల వల్లనే ఎక్కువ వర్షం లభిస్తుంది. ఆ వానలకు నిండిన చెరువులు, బావులు చైత్రమాసం వచ్చేసరికి తరిగిపోతూ ఉంటాయి. చలిదేశాలలో వసంతం సేద్యానికి ఆరంభం. ఇక్కడ అది మిగిలిన నీటిని లెక్కచూసి వాడుకొనే కాలం. తీరానికి దగ్గరి నేలల్లో బోరుబావుల నుంచి మితిమీరి తోడితే సముద్రపు ఉప్పునీరు భూగర్భజలంలోకి చొచ్చుకొనివచ్చే ప్రమాదం కూడా ఉంది.

కాబట్టి చిన్న కమతం గల రైతు ఒకే పంటను నమ్ముకోడు. పందిరిపై బీర, సొర, కాకర, నేలపై దోస, మళ్ళలో బెండ, గోరుచిక్కుడు, తోటకూర, గోంగూర, గట్టుమీద మునగ, నిమ్మ. ఎండ ముదిరితే టమాటా పూత రాలుతుంది; తీగజాతులలో మగపూలు పెరిగి పిందె తగ్గుతుంది. ఒకటి దెబ్బతిన్నా మరొకటి ఆదుకొంటుందన్న వివేకమే ఈ వైవిధ్యానికి మూలం.

తేమ ఆరిపోకుండా మొక్కల మొదళ్ళ చుట్టూ వరిగడ్డి, ఎండుటాకులు పరుస్తారు. దీనికే ఆచ్ఛాదన అని పేరు. 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు సాధికార సంస్థ ద్వారా చేపట్టిన ప్రకృతి వ్యవసాయ కార్యక్రమంలో ఇది ముఖ్యాంశం. ఆవుపేడ, ఆవుమూత్రం, బెల్లం, పప్పుపిండి, గుప్పెడు మన్ను నీటిలో కలిపి పులియబెట్టిన ద్రవజీవామృతాన్ని పైరుకు అందిస్తారు. కోత తెల్లవారుజామునే పూర్తి కావాలి. పొద్దెక్కితే ఆకుకూర వాడిపోతుంది. కోసిన కట్టలను నీడలో తడిగుడ్డ కప్పి ఉంచుతారు.

ఇంత శ్రమపడి పండించిన కాయకు ధర నిర్ణయించేది రైతు కాదు. సరకు ఎక్కువగా వచ్చిననాడు కోతకూలి కూడా గిట్టదు. ధర పెరిగిననాడు అతని తోటలో కాయ ఉండకపోవచ్చు. ఈ కష్టాన్ని తగ్గించడానికి 1999 జనవరి 26న ఆంధ్రప్రదేశ్‌లో రైతుబజారులు ప్రారంభమయ్యాయి. అవి దళారి ప్రమేయాన్ని తొలగించి రైతును, వినియోగదారుని ముఖాముఖి నిలబెట్టాయి. అయితే పంట పోతే కలిగే నష్టం మాత్రం రైతుమీదనే మిగిలింది.

ఆ నష్టాన్ని కూడా పంచుకోవాలన్న ఆలోచన జపానులో రూపుదిద్దుకొంది. పురుగుమందుల వాడకానికి కలత చెందిన గృహిణులు 1970వ దశకంలో రైతులతో నేరుగా ఒప్పందాలు కుదుర్చుకొన్నారు. ఈ పద్ధతిని అక్కడ ‘తేయికేయి’ అంటారు. అమెరికాలో 1986లో, ఫ్రాన్సులో 2001లో ఇటువంటి ఏర్పాట్లు మొదలయ్యాయి. వీటిలో కొన్ని కుటుంబాలు సాగుకు ముందే రైతుకు డబ్బు చెల్లిస్తాయి. ఆ సొమ్ము విత్తనాలకు, కూలికి, పందిరి గుంజలకు అక్కరకు వస్తుంది. వడ్డీకి అప్పు తెచ్చే అవసరం తగ్గుతుంది. ప్రతిఫలంగా వారానికొకసారి తోటలో పండినవి పెట్టెలో సర్ది ఇంటింటికీ చేరుస్తారు.

ఈ ఒప్పందంలో వినియోగదారునికీ ఒక పరీక్ష ఉంది. పెట్టెలో ఏమి ఉండాలో నిర్ణయించేది అతని కోరిక కాదు, ఋతువు. వరుసగా మూడు వారాలు కాకరకాయలే రావచ్చు. వడగాలికి పూత రాలితే పెట్టె తేలిక కావచ్చు. అప్పుడు ముఖం చిట్లించక స్వీకరించినవాడే నిజమైన భాగస్వామి. రైతు కూడా తన బాధ్యత మరువరాదు. పుచ్చుకాయలను అడుగున దాచి నవనవలాడేవి పైన పేర్చితే నమ్మకం ఒక్క వారంలోనే కూలిపోతుంది. ముందే డబ్బు చెల్లించలేని పేద కుటుంబాలకు ఈ పద్ధతి సులభంగా అందదన్నదీ గమనింపదగిన పరిమితి. అందుచేత ఇది రైతుబజారుకు ప్రత్యామ్నాయం కాదు, తోడు మాత్రమే.

ఉగాది పచ్చడిలో తీపితోపాటు వేపపూత చేదును కూడా తెలుగువారు ఇష్టపూర్వకంగా స్వీకరిస్తారు. పంట విషయంలోనూ అదే నీతి వర్తిస్తుంది. సమృద్ధిలో పాలు కోరేవారు కొరతలోనూ పాలు పంచుకొన్నప్పుడే చిన్నరైతు మరుసటి ఏడు ధైర్యంగా విత్తనం చేతపట్టగలడు.

అభ్యాసం

1. కావలి ప్రాంతపు వసంతానికి, చలిదేశాల వసంతానికి గల భేదాన్ని వివరించండి.
2. రైతుబజారులు తీర్చిన సమస్య ఏది? తీర్చలేకపోయినది ఏది?
3. వారపు పెట్టె పద్ధతిలో రైతు, వినియోగదారుల బాధ్యతలను తెలపండి.
4. ‘సమృద్ధిలో పాలు కోరేవారు కొరతలోనూ పాలు పంచుకోవాలి’ – మీ మాటలలో సమర్థించండి లేదా విమర్శించండి.