మాటలేనివారిని పరీక్షించు విధము

నోట మాటలేనివానికి బుద్ధియు లేదనుకొనుట పొరపాటు. ఫ్రాన్సు దేశమున ‘ఎల్’ పత్రికా సంపాదకుడైన జాఁ డొమినిక్ బోబీ 1995 డిసెంబరులో పక్షవాతముచే మాటయు, అవయవముల కదలికయు గోలుపోయెను. ఎడమకంటి రెప్ప మాత్రము అతని స్వాధీనమున నిలిచెను. తఱచు వాడబడు అక్షరములు ముందు వచ్చునట్లు వర్ణమాలను మార్చి చదువుచుండగా, కావలసిన యక్షరమునకు అతడు రెప్ప వాల్చెడివాడు. ఇట్లు వ్రాయించిన గ్రంథము 1997లో అచ్చయ్యెను.

కావున పరీక్షకుడు లోపమును గాక, మిగిలిన శక్తిని వెదకవలెను. చూపు, వినికిడి, గ్రహణశక్తి యెట్లున్నవి? అలయక మరల మరల చేయగల కదలిక యేది? ఎవరితో, ఎచ్చట, ఏమి చెప్పగోరుచున్నాడు? దీనిని ఇంటివారిని గూడ అడుగవలెను. బొమ్మల పలకయా, యంత్రమా యనునది తరువాతి మాట.

విద్యార్థులారా, అట్టివారిని ప్రశ్నించినపుడు ప్రత్యుత్తరమునకై ఓపికతో వేచియుండుడు.